అమ్మ గడిలో సున్నా

అక్టోబరు 6

కోల్డ్ స్టోరేజీ దొరగారికి,

నీ ఉత్తరం చేరింది. ఉత్తరం అనాలో నోటీసు అనాలో తెలియక రెండుసార్లు చదివాను. "జనవరి బిల్లు వంద యూనిట్ల లోపు రాకపోతే ఇల్లు లెక్కల మాస్టారికి అద్దెకిచ్చేద్దాం, నువ్వు మావయ్య వాళ్ళింట్లో ఉందువుగాని" అని ఎంత తేలిగ్గా రాసేశావురా! ఇంటి గురించి రాశావా, పాత సైకిలు గురించి రాశావా?

సరే, నీ ఇబ్బంది నాకు తెలియక కాదు. ఫిబ్రవరిలో అమ్మ పోయినప్పటి నుంచి కరెంటు బిల్లు నువ్వే అక్కణ్ణుంచి కడుతున్నావు. నేను కాగితం కూడా చూడలేదు. ఇప్పుడు నీకు ఓవర్‌టైము ఆపేశారు. నా కుట్టుపని మీద గ్యాసు, నీళ్ళ బిల్లు, తిండి గడిచిపోతున్నాయి. కరెంటు వంద లోపుంటే అదీ నేనే కట్టుకోగలను. వంద దాటిందో, రేటు మారిపోయి నా చేతికి అందదు. అందుకే నీ షరతుకి ఒప్పుకుంటున్నాను. కోపంగా ఒప్పుకుంటున్నాను, అది గుర్తుపెట్టుకో.

మావయ్య మంచివాడు, అత్తయ్య అంతకన్నా మంచిది. కానీ నలభై ఆరేళ్ళొచ్చాక ఒకళ్ళింట్లో వెనకగదిలో ఉండి, వాళ్ళు లైటు ఆర్పే వేళకి నేనూ పడుకోవడం నా వల్ల కాదు. ఈ ఇంట్లో నా చేతికి తెలియని స్విచ్చి లేదు. కళ్ళు మూసుకుని ఏది ఎక్కడుందో చెప్పగలను. వేరే ఇంట్లో గోడ తడుముకుంటూ బతకలేను.

నీ మాట ప్రకారం మొన్న బిల్లు ఆఫీసుకెళ్ళి కాగితం తెచ్చుకున్నాను. నాన్న చేసినట్టే "బిల్లు కూర్చోవడం" చేశాను. గుర్తుందా? బిల్లు రాగానే నలుగురం హాల్లో చాపేసుకుని కూర్చునేవాళ్ళం. బస్సులో టిక్కెట్టు లేనివాణ్ణి పట్టుకున్నట్టు నాన్న కళ్ళద్దాల మీంచి చూసి, "ఎవరివి ఎన్ని, ఒప్పుకోండి" అనేవాడు. నువ్వు ఇస్త్రీ పెట్టె మరిచిపోయి రెండు యూనిట్లు, నేను రేడియో వింటూ నిద్రపోయి ఒకటి. పొడుగు పుస్తకంలో నలుగురికీ నాలుగు గడులు. అమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "నేనేం వాడతానండీ? నా గడిలో సున్నా వెయ్యండి." నాన్న నవ్వుతూ సున్నా వేసేవాడు. "తిలాపాపం తలా పిడికెడు, మీ అమ్మకి మాత్రం పిడికిలే లేదు" అనేవాడు.

మొన్న అదే చాప వేసుకుని, బిల్లు పైకి చదివాను. నూట యాభై ఆరు. ఎవరివి ఎన్ని అని అడిగి, చుట్టూ చూసి, అన్నీ నావే అని రాసుకున్నాను. నాన్న పోయాక అమ్మా నేనూ ఉన్నప్పుడు తొంభై దాటలేదు. ఒక్కదాన్ని ఇంత ఎలా వాడేశానో నాకే తెలియడం లేదు. తప్పు పంచుకోవడానికి ఇంకో మనిషి లేకపోవడం ఎంత కష్టమో ఆ చాప మీద కూర్చుంటే తెలిసింది.

ఫోను చెయ్యకు. ఫోన్లో నువ్వు "ఊఁ" అంటావు, నేను అరుస్తాను. కాగితం మీదైతే ఇద్దరికీ కాస్త మర్యాద ఉంటుంది.

నీ అక్క


అక్టోబరు 17

అక్కా,

అది నోటీసు కాదు. నాకు ఉత్తరం రాయడం అలాగే వచ్చు. ఇక్కడ రోజంతా నేను రాసేది "మూడో గది, ఉష్ణోగ్రత, సంతకం" అంతే.

నూట యాభై ఆరు అంటే ఎక్కడో దుబారా ఉంది. నేను చెప్పేది జాగ్రత్తగా విను, రోజూ మిషన్లతోనే నా బతుకు. బకెట్లో పెట్టుకునే నీళ్ళ కడ్డీ ఉంది చూశావూ, అది పెద్ద దెయ్యం. దాన్ని తగ్గించు. కుట్టుమిషనుకి నేను బిగించిన మోటారు తీసేసి కాలితో తొక్కు. ఇస్త్రీ ఒక్కొక్క బట్టకీ కాకుండా వారానికి రెండుసార్లు అన్నీ కలిపి చెయ్యి. ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచిస్తూ నిలబడకు, నీకు ఆ అలవాటుంది. హాల్లో కూర్చున్నప్పుడు వంటింట్లో లైటెందుకు? అమ్మ గది ఎలాగూ తాళం వేసి ఉంది, అక్కడ ఖర్చు లేదు. ఆ ఒక్క గది చూసుకోనక్కర్లేదు.

ఆ గది సంగతి నేను మరిచిపోలేదు. ఇద్దరం కలిసి తెరుద్దామన్నాను, డిసెంబరులో వస్తాను, తెరుద్దాం. అప్పటిదాకా తాళం అలాగే ఉండనీ.

నా గదిలో కరెంటు కంపెనీది. ఎంత వాడినా అడిగేవాడు లేడు. అడిగేవాడు లేకపోతే లైటు వెయ్యబుద్ధి కూడా కాదు. డ్యూటీ దిగి వచ్చి కోటు విప్పకుండానే కాసేపు చీకట్లో కూర్చుంటాను. ఇది నీకు పొదుపు పాఠంగా రాయడం లేదు, ఊరికే రాశాను.

తమ్ముడు


నవంబరు 8

ఓరి పొదుపు గురువుగారూ,

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నువ్వక్కడ కూర్చుని తొక్కమన్నావు, నేనిక్కడ తొక్కుతున్నాను. స్కూలు యూనిఫారాలు నలభై జతలు కాలితో కుట్టాను. మోకాళ్ళు నీ పేరు తలుచుకుంటున్నాయి, మంచి మాటలతో కాదు.

బిల్లు నూట ముప్ఫై ఎనిమిది. ఫ్యాను కట్టేశాను, మోటారు విప్పేశాను, వంటింట్లో లైటు ఆర్పి చీకట్లో ఉప్పు అనుకుని చక్కెర వేసుకున్నాను. అయినా వంద ఇంకా ముప్ఫై ఎనిమిది మెట్లు కింద ఉంది. భయంగా ఉందిరా. జనవరి ఎంతో దూరం లేదు.

ఇంక నా సంగతులు. మాట్లాడటానికి మనిషి లేక ఒక పిల్లి చేరింది. బూడిదరంగుది, ఒక చెవి చిరిగింది. దానికి పేరు పెట్టలేదు, పేరు పెడితే పాలు పొయ్యాలి. అది నా దగ్గరికి రాదు, నడవలో అమ్మ గదివైపు గోడకి ఆనుకుని పడుకుంటుంది. మొదట్లో తరిమాను. తర్వాత నేనూ దాని పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ గోడ వెచ్చగా ఉంటుందిరా. నవ్వకు. వీపు ఆనిస్తే ఎవరో పక్కన కూర్చున్నట్టుంటుంది. అమ్మ కూడా మధ్యాహ్నం అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది కదా. నాకు అలా అనిపిస్తోందేమో, తెలియదు. ఇప్పుడు ఈ ఉత్తరం కూడా అక్కడే కూర్చుని రాస్తున్నాను.

డిసెంబరులో ఎన్నో తారీకున వస్తావో రాయి. నీ మంచం మీద యూనిఫారాల గుట్ట ఉంది, తీసెయ్యాలి.

నీ అక్క


నవంబరు 19

అక్కా,

నూట ముప్ఫై ఎనిమిది ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. నువ్వు చెప్పినవన్నీ నిజంగా ఆపి ఉంటే తొంభై లోపు రావాలి. కాగితం మీద మూడుసార్లు లెక్కేశాను. ఒక ఫ్రిజ్, ఒక ఇస్త్రీ పెట్టె, రెండు లైట్లు, నీళ్ళ కడ్డీ. ఒక్క మనిషికి అంత అవ్వదు.

అడుగుతున్నానని ఏమీ అనుకోకు. ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా? ఎవరికైనా గది అద్దెకిచ్చావా? లేక పక్కింటికి వైరు ఏమైనా ఇచ్చావా? నీ చెయ్యి పెద్దది, అడిగితే కాదనలేవు. ఉంటే చెప్పు, నేనేమీ అనను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత.

గోడలు వెచ్చగా ఉండవు. ఒకసారి జ్వరం చూసుకో. నీకు ఒంట్లో బాగాలేనప్పుడు ఇలాంటివే చెప్తావు. ఏడో తరగతిలో టైఫాయిడ్ వచ్చినప్పుడు పైకప్పు దగ్గరికొస్తోందన్నావు.

లెక్కల మాస్టారు మళ్ళీ ఫోను చేశాడు. ఫిబ్రవరి మొదటి తారీకున దిగుతానంటున్నాడు. ఇల్లు చూస్తానంటే చూపించు.

తమ్ముడు


డిసెంబరు 7

నవంబరు బిల్లు: 121.

అవును, ఇంట్లో ఒకళ్ళు ఉంటున్నారు. నేను.

అక్క


డిసెంబరు 15

అక్కా,

నీ కార్డు వచ్చింది. రెండే లైన్లు. నువ్వు ఇంత తక్కువ రాయడం నా జన్మలో చూడలేదు. నేను అడిగిన తీరు బాగాలేదు. అలా అడగాల్సింది కాదు. తప్పే.

కానీ నూట ఇరవై ఒకటి కూడా తప్పే అక్కా. ఎక్కడో ఏదో ఉంది.

ఇంకో మాట. డిసెంబరులో రావడం కుదిరేలా లేదు. సరుకు వచ్చే కాలం, అన్ని గదులూ నింపుతున్నారు, కంప్రెసరు ఒకటి మొరాయిస్తోంది. సెలవు అడిగితే మేనేజరు నా మొహం చూసి నవ్వాడు. మార్చిలో చూద్దాం. ఆ గది అప్పటిదాకా అలాగే ఉండనీ. ఒకవేళ మాస్టారు ముందే దిగితే ఆ గది వదిలేసి మిగతాది ఇద్దాం.

చలిగా ఉందా అక్కడ? ఇక్కడ గిడ్డంగి లోపలా బయటా ఒకేలా ఉంది.

తమ్ముడు


డిసెంబరు 27

తమ్ముడూ,

మొన్నటి కార్డుకి పశ్చాత్తాపపడటం లేదు, కానీ ఎక్కువ రోజులు మాట్లాడకుండా ఉండటం నాకు చేతకాదు. నువ్వు తప్ప నాకు ఉత్తరం రాసేవాళ్ళెవరు? బట్టల కొట్టువాడు రాస్తాడు, "ఇంకో ఇరవై జతలు" అని.

లెక్కల మాస్టారు ఇల్లు చూడటానికి వచ్చాడు. మర్యాదస్తుడే. చెప్పులు బయటే విడిచి, గోడలన్నీ వేళ్ళతో తట్టి చూశాడు. వంటింట్లో తన బల్ల పడుతుందో లేదో జానతో కొలిచాడు. నేను నిలబడి చూస్తున్నాను, నా వంటింట్లో ఇంకొకళ్ళ జాన. అమ్మ గది తాళం చూసి, "ఇది?" అన్నాడు. "అది లేదండీ" అన్నాను. గది ఎదురుగా ఉంటే లేదంటుందేమిటి ఈవిడ అన్నట్టు చూశాడు పాపం.

నీ మాట ప్రకారం నీళ్ళ కడ్డీ పూర్తిగా మానేశాను. చన్నీళ్ళే. మొదటి చెంబు పోసుకునేటప్పుడు నాన్న తిట్లన్నీ గుర్తొస్తాయి, రెండో చెంబుకి నా తిట్లు. దగ్గు పట్టుకుంది, ఏమీ పర్వాలేదు. పొద్దున స్నానం కాగానే నడవలోకి వచ్చి ఆ గోడకి ఆనుకుంటాను. వెచ్చగా ఉండదన్నావుగా, నీ ఇష్టం. పిల్లికీ నాకూ జ్వరమే అనుకో.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా చెప్పు. నీకు రావాలని లేదు కదూ? అమ్మ పోయిన రోజు వచ్చి, రెండు రోజులుండి, ఆ గది గడప కూడా తొక్కలేదు. "తాళం వెయ్యక్కా, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నావు. వేశాను. తాళంచెవి మేకుకి తగిలించాను. ఏప్రిల్ అన్నావు, ఆగస్టు అన్నావు, డిసెంబరు అన్నావు, ఇప్పుడు మార్చి. నీకు ఇల్లు వద్దు, అద్దె కావాలి, నేను మధ్యలో అడ్డం. అలా అనిపిస్తోంది. కాదంటే కాదని రాయి, నమ్ముతాను.

నాకు చాలా ఒంటరిగా ఉందిరా. ఈ మాట ఇంతవరకు రాయలేదు. రాస్తే నిజమైపోతుందని భయం. సాయంత్రం ఐదింటికి యూనిఫారాలు పక్కనపెట్టి, ఇంక ఎవరూ రారు అని తెలిసిన ఆ గంట ఉంది చూశావూ, దానికి ఏ యూనిట్లూ ఉండవు.

నీ అక్క


జనవరి 5

అక్కా,

అద్దె కోసం కాదు. ఇంతకంటే రాయడం ఇప్పుడు నావల్ల కావడం లేదు. రాస్తాను.

నువ్వు చన్నీళ్ళు పోసుకోకు. దగ్గుకి మందు కొనుక్కో. ముందు ఒక పని చెయ్యి, ఇది మొదట్లోనే చెప్పాల్సింది, తోచలేదు. మధ్యాహ్నం పూట ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఆపు. ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకెయ్యి. మెయిను మాత్రం ఆపకు. అప్పుడు వరండాలోకి వెళ్ళి మీటరు చూడు. లోపల చక్రం మీద ఎర్రగీత ఉంటుంది. అది కదలకూడదు. కదిలిందంటే మన కరెంటు ఎవరో తింటున్నారు. పక్కింటివాళ్ళు వైరు వేశారేమో పైకి చూడు. ఏం చూశావో ఉన్నదున్నట్టు రాయి.

తమ్ముడు


జనవరి 11

ఒరేయ్,

మన ఇంటి దొంగ దొరికింది. నిదానంగా చెప్తాను, నువ్వు కూర్చుని చదువు.

డిసెంబరు బిల్లు నూట పన్నెండు వచ్చింది, అది నిన్న చూసి ఏడుపొచ్చింది. సరే, నువ్వు చెప్పినట్టే మధ్యాహ్నం అన్నీ ఆపేశాను. ఫ్రిజ్ పీకేశాను. వరండాలో స్టూలు వేసుకుని ఎక్కి చూశాను. ఎర్రగీత వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. దెయ్యం పట్టినట్టు తిరుగుతోంది. పైకి చూశాను, ఏ వైరూ లేదు. పక్కింటావిడ బట్టలారేస్తూ "ఏం వెతుకుతున్నారు?" అంది. "నా కరెంటు" అన్నాను. ఆవిడ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లోపలికొచ్చి, నీరసంగా, ఎప్పటిలాగే ఆ గోడకి ఆనుకుని కూలబడ్డాను. ఫ్రిజ్ మోత లేదు కదా, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు వినిపించింది. గోడ అవతల "టిక్". అంతే. పిల్లి చెవి కూడా కదిలింది. ఎందుకో లేచి వెళ్ళి మీటరు చూస్తే చక్రం ఆగిపోయి ఉంది! మళ్ళీ వచ్చి కూర్చున్నాను. చాలాసేపటికి మళ్ళీ "టిక్". పరిగెత్తాను, ఈ మోకాళ్ళతో. చక్రం తిరుగుతోంది.

మేకు మీద తాళంచెవి తీశాను. నువ్వు వచ్చాకే అనుకున్నాం, కానీ నావల్ల కాలేదు. తీసేశాను, క్షమించు.

గది అలాగే ఉంది. దుమ్ము తప్ప. కిటికీలో కళ్ళజోడు, కొక్కేనికి తువ్వాలు అట్టకట్టి ఉంది. మంచం మీద దుప్పటి నేను మడత పెట్టినట్టే ఉంది. లైటు వెయ్యలేదు. వెయ్యకపోవడమే మంచిదైంది, ఆ చీకట్లో అలమర వెనక, బాగా పైన, గోడ మీద ఒక ఎర్రటి చుక్క కనబడింది. స్విచ్చి. నా చేతికి తెలియని స్విచ్చి.

అమ్మ బాత్‌రూములోకి వెళ్ళాను. నేను రోజూ ఆనుకునే గోడకే అవతలివైపు గీజరు ఉంది. కుళాయి తిప్పాను. మొదట తుప్పు నీళ్ళు. తర్వాత పొగలొచ్చాయిరా. పొగలు కక్కే నీళ్ళు. నేను రెండు గోడల అవతల చన్నీళ్ళు పోసుకుని వణుకుతుంటే, ఇక్కడ పదకొండు నెలల నుంచి, రాత్రీ పగలూ, అమ్మ స్నానానికి నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. అమ్మ లేదని ఆ గీజరుకి ఎవరూ చెప్పలేదు.

ముందు నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత ఏం చేశానో రాయను. చివరికి అమ్మ చెంబుతో, అమ్మ పీట మీద కూర్చుని, ఆ నీళ్ళన్నీ అయిపోయేదాకా స్నానం చేశాను. బయటికొచ్చి నీ పాత గొడుగు పిడితో ఆ స్విచ్చి ఆపేశాను. చెయ్యి అందదు కదా.

ఇప్పుడు చెప్పు. ఆ నీళ్ళు ఎండకి కాగుతున్నాయని కదూ అన్నావు? "గీజరు కనెక్షను తీసేసి పైన నల్ల డ్రమ్ము పెట్టాను, ఎండనీళ్ళు, కరెంటు లేదు" అని. అమ్మకి చెప్పావు, సరే. నాకు కూడానా?

ఇంక బిల్లు దిగుతుంది. వంద లోపే వస్తుంది. ఇల్లు దక్కినట్టే. సంతోషించాలి, సంతోషంగానే ఉన్నాను. కానీ ఈరోజు పొద్దుటికి గోడ చల్లబడిపోయింది. పిల్లి వచ్చి, కాసేపు ఆనుకుని చూసి, నావంక ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.

నీ అక్క


జనవరి 19

అక్కా,

బిల్లు కూర్చున్నాను. ఇక్కడ, నా మంచం మీద, ఒక్కణ్ణే. ఒప్పుకుంటున్నాను. ఆ యూనిట్లన్నీ నావి. నెలకి యాభై అయిదు చొప్పున రమారమి ఆరువందలు. నా గడిలో రాయి.

జరిగింది ఇది. అమ్మకి బాగాలేనప్పుడు నేను ఆ గీజరు పెట్టాను. నేను వేస్తే అమ్మ లేచి ఆపేసేది. జ్వరంతో కూడా, గోడ పట్టుకుని నడిచి వచ్చి ఆపేసేది. "నా ఒక్కదానికి ఇంత కరెంటా" అని చన్నీళ్ళు పోసుకునేది. అందుకే ఒకరోజు మీరిద్దరూ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు స్విచ్చి అలమర వెనక్కి, చెయ్యి అందనంత పైకి మార్చేశాను. ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా వదిలేశాను. ఎండనీళ్ళని చెప్పాను. నీకు ఎందుకు చెప్పలేదంటే, నీ నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మ ఒక్కసారి గట్టిగా అడిగితే చెప్పేస్తావు.

తర్వాత ఆ స్విచ్చి నాకు గుర్తే లేదు. ఇది సాకు కాదు. ఆ గది గురించి ఆలోచించకూడదని గట్టిగా పట్టుబట్టి కూర్చున్నాను. గదితో పాటు అదీ పోయింది. నువ్వు గోడ వెచ్చగా ఉందని రెండుసార్లు రాశావు. ఇరవై ఏళ్ళ నుంచి మిషన్ల మధ్య బతుకుతున్నవాణ్ణి, జ్వరం చూసుకోమన్నాను.

రావాలని లేదు కదూ అని అడిగావు. చెప్తాను. అమ్మకి బాగాలేదని వచ్చి, నేను తిరిగి బయల్దేరిన రోజు పొద్దున అమ్మ స్నానం చేసి వచ్చి కూర్చుంది. మొహం కడిగిన గిన్నెలా తళతళలాడుతోంది. "ఎంత బాగున్నాయిరా ఈ ఎండనీళ్ళు, పైసా ఖర్చు లేదు" అంది. "ఇంకొక్క రోజు ఉండరా" అంది. సెలవు లేదమ్మా అన్నాను. సెలవు ఉంది అక్కా. ఇంకా రెండు రోజులు ఉంది. అమ్మని అలా చూస్తూ కూర్చోలేక వచ్చేశాను. ఆ రెండు రోజులూ ఈ గదిలో ముసుగు పెట్టుకుని పడుకున్నాను. సెలవు అయిపోయి డ్యూటీకి ఎక్కిన పూటే నీ ఫోను వచ్చింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ గది తలుపు తీస్తే ఆ మాటే వినబడుతుందని ఇన్నాళ్ళూ రాలేదు. కంప్రెసరు బాగానే ఉంది. మేనేజరు నవ్వలేదు, నేను సెలవు అడగనే లేదు.

లెక్కల మాస్టారికి ఇల్లు లేదని చెప్పేశాను. వంద దాటినా దాటకపోయినా ఇల్లు నీది. ఫిబ్రవరి నాలుగు, పొద్దున బండికి వస్తున్నాను. నిజంగా. టిక్కెట్టు నకలు ఈ కవరులోనే పెట్టాను, నమ్మవని.

ఒక్కటి అడుగుతాను. తిట్టినా సరే. నేను వచ్చేదాకా ఆ స్విచ్చి మళ్ళీ వేసి ఉంచుతావా? నేను పెట్టినది నేనే ఆపుతాను. ఆ యూనిట్లు కూడా నావే అని రాసుకో.

తమ్ముడు


జనవరి 28

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. దాచను. రెండు రోజులు ఆ కవరు ముట్టుకోలేదు. అమ్మ ఆ రెండు రోజులూ "వాడు చేరుంటాడా, తిన్నాడా" అని అడుగుతూనే ఉంది. నువ్వు ముసుగు పెట్టుకుని పడుకున్నావు. మూడో రోజు మళ్ళీ తీసి చదివాను. ఆ ముసుగు కింద నువ్వు ఎలా ఉన్నావో కనబడింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాక అలాగే పడుకునేవాడివి, కాళ్ళు బయటికి పెట్టి. ఇంక కోపం నిలవలేదు. వచ్చాక ఒకసారి గట్టిగా తిడతాను, తర్వాత ఆ మాట మనిద్దరి మధ్యా ఎప్పటికీ రాదు.

పొడుగు పుస్తకం తీశాను. నువ్వు ఒప్పుకున్నావు, బాగానే ఉంది, కానీ లెక్క తప్పు. కాగినవి ఎవరి నీళ్ళురా? నాన్న రాసిన పేజీలన్నీ తిరగేశాను. ముప్ఫై ఏళ్ళు. నీ గడిలో ఉన్నాయి, నా గడిలో ఉన్నాయి, నాన్న కూడా నిజాయితీగా రాసుకున్నాడు. అమ్మ గడిలో మొదటి పేజీ నుంచి చివరిదాకా సున్నా కింద సున్నా. నీ ఆరువందలూ అమ్మ గడిలోనే రాశాను. ఆవిడ వద్దంటుంది. అననీ, ఈ ఒక్కసారికి మనం వినొద్దు.

మొన్న సాయంత్రం గొడుగు పిడితో స్విచ్చి మళ్ళీ వేశాను. నిన్నటికి గోడ వెచ్చబడింది. పిల్లి వచ్చేసింది. ఈ ఉత్తరం అక్కడే కూర్చుని రాస్తున్నాను. నీ మంచం మీద యూనిఫారాలు తీసేశాను.

ఈ నెల వంద దాటుతుందేమో. దాటనీ.

తొందరగా రా. మీటరు తిరుగుతోంది.

నీ అక్క